ఎరువు మారితే వేరులో ఏమి మారుతుంది: 27 కుండీల డైరీ

మొదలుపెట్టడానికి మూడు వారాల ముందు

మొక్క ఎలా ఉందని ఎవరైనా అడిగితే మన చూపు ముందుగా ఆకుల మీదికే పోతుంది. ఆకు నిగనిగలాడితే ఎరువు పట్టిందంటాం, పాలిపోతే చాలలేదంటాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చూశాను. కిందటి పంటలో ఏపుగా పెరిగిన టమాటా మొక్క ఒకటి ఒక్క మధ్యాహ్నంలో తల వాల్చేసింది. పీకితే చేతికి వచ్చిన వేరు పిడికెడు కూడా లేదు. ఉన్న కాస్త వేరూ గోధుమరంగుకు తిరిగింది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగితే పైతోలు తొడుగులా జారిపోయి, లోపలి దారం ఒక్కటే మిగిలింది. ఆ మడికి నేను వేసింది పూర్తిగా సేంద్రియ ఎరువే, అదీ దండిగా.

సేంద్రియం కదా, నేలకు మేలే చేస్తుందని నమ్మి వేశాను. ఆ నమ్మకాన్ని వదులుకోలేదు కానీ పరీక్షకు పెట్టాలనిపించింది. మట్టిలో ఉండే శిలీంధ్రాల్లో వేరును కుళ్లబెట్టేవీ ఉన్నాయి, వేరుకు తిండి తెచ్చిపెట్టేవీ ఉన్నాయి. నేను వేసే ఎరువు ఎవరి పక్షం వహిస్తోంది? ఒక్కో రకం ఎరువు ఒక్కోలా పనిచేస్తుందా? ఆకును చూసి ఈ జవాబు చెప్పలేం. వేరును కడిగి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాల్సిందే.

పంటగా మొక్కజొన్నను ఎంచుకున్నాను. త్వరగా పెరుగుతుంది, పీచు వేళ్లు విస్తారంగా వేస్తుంది, వేరులో చేరి దానికి తిండి తెచ్చిపెట్టే శిలీంధ్రాన్ని, అంటే మైకోరైజాను, బాగా చేరనిస్తుంది. మైకోరైజా అనే పేరు పెట్టింది జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్, 1885లో. గ్రీకులో మైకెస్ అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు. రెండూ కలిసి ఒకే అవయవంలా పనిచేస్తాయి కనుక ఆ పేరు సరిగ్గా అతికింది. నేల మీది మొక్క జాతుల్లో సుమారు 70 శాతానికి పైగా ఈ పొత్తు ఉంది. ఆవ, క్యాబేజీ కుటుంబంలో మాత్రం దాదాపుగా లేదు. అందుకే మూడు కుండీల్లో ఆవ మొక్కలు కూడా పెంచుతున్నాను. రేపు ఆవ వేరులోనూ నాకు మైకోరైజా కనిపిస్తే, తప్పు నా కంటిదో నా రంగుదో అని తెలిసిపోతుంది.

రెండు వారాల ముందు: ఎరువులకు పరీక్ష

చేతిలో ఉన్నవి నాలుగు: బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, కోళ్ల ఎరువు, అప్పుడే కోసిన పప్పుజాతి పచ్చిరొట్ట. మొదటి మూడూ మాగాయో లేదో ముందు తేల్చుకోవాలి.

ఒక పరీక్ష చాలా సులువు. ఎరువును పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచేంత తేమ పట్టించి, గాజు సీసాలో నింపి, మూత బిగించి మూడు రోజులు ఉంచాను. మూత తీయగానే పశువుల ఎరువు, వర్మీకంపోస్టు తొలకరి మట్టి వాసన వేశాయి. కోళ్ల ఎరువు సీసా మూత తీస్తే కళ్లు మండాయి. అది అమ్మోనియా. వేరు కొసలకు అది విషం.

రెండో పరీక్షకు ఒక వంతు ఎరువును పది వంతుల నీటిలో గంటసేపు కలిపి వడకట్టాను. ఆ నీటితో తడిపిన కాగితం మీద 20 ఆవగింజలు పరిచాను. మూడో రోజుకు మంచినీటి కాగితం మీద 19 మొలిచాయి. పచ్చి కోళ్ల ఎరువు నీటిలో 6 మాత్రమే మొలిచాయి, వాటి తొలివేరు కొసలు మాడినట్టు గోధుమరంగులో ఉన్నాయి. రెండు నెలలుగా కుప్ప వేసి తిరగేస్తూ ఉంచిన కోళ్ల ఎరువు విడిగా ఉంది. దాని నీటిలో 17 మొలిచాయి. ప్రయోగంలోకి ఈ మాగినదే వెళుతుంది. పచ్చిదాన్ని పక్కన పెట్టేశాను. మొక్కను మాడుస్తుందని ముందే తెలిసినదాన్ని కుండీలో వేసి చూసే పని లేదు.

మొదటి రోజు: మట్టి, మోతాదు

రెండేళ్లుగా గడ్డి మాత్రమే పెరుగుతున్న బీడు మూల నుంచి మట్టి తవ్వాను. పరీక్ష చేయించిన కాగితంలో లభ్య భాస్వరం తక్కువ అని ఉంది. నాకు కావలసిందీ అదే, భాస్వరం చాలనప్పుడే వేరు మైకోరైజాను పిలుస్తుంది. 27 కుండీలు, కుండీకి 8 కిలోలు. రెండు వందల కిలోలకు పైగా మట్టిని జల్లెడ పట్టేసరికి రోజంతా పట్టింది.

మట్టిని ఆవిరిలో ఉడికించి శుద్ధి చేయాలా అని చాలాసేపు ఆలోచించి, వద్దనుకున్నాను. శుద్ధి చేస్తే చూడాలనుకున్న జీవులనే చంపినవాణ్ణి అవుతాను. ఆ తర్వాత కొన్న మైకోరైజా పొడి కలిపితే ఆ పొడి గురించి తెలుస్తుంది కానీ నా నేల గురించి తెలియదు. జల్లెడ పట్టడం వల్ల మట్టిలో అల్లుకున్న శిలీంధ్రపు వల తెగిపోతుందని తెలుసు. దున్నినా అదే జరుగుతుంది. అన్ని కుండీలకూ ఒకే దెబ్బ కనుక పోలికకు అడ్డు రాదు.

అసలు చిక్కు మోతాదు దగ్గర వచ్చింది. అన్ని ఎరువులూ సమాన బరువులో వేస్తే న్యాయంగా కనిపిస్తుంది కానీ కాదు. నా పశువుల ఎరువులో నత్రజని అర శాతం, వర్మీకంపోస్టులో ఒకటిన్నర, కోళ్ల ఎరువులో మూడు శాతం. కాబట్టి నత్రజనిని సమానం చేశాను: కిలో మట్టికి 100 మిల్లీగ్రాములు, కుండీకి 0.8 గ్రాము. లెక్క వేస్తే పశువుల ఎరువు 160 గ్రాములు, వర్మీకంపోస్టు 53, కోళ్ల ఎరువు 27 గ్రాములు వచ్చింది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. కోళ్ల ఎరువులో మొక్కకు కావలసిన పాళ్లకంటే భాస్వరం చాలా ఎక్కువ. ఫాస్ఫేటు లెక్కలో చూస్తే నత్రజని, భాస్వరం దాదాపు సమానం. మొక్కకు నత్రజని కావలసినంతగా భాస్వరం అవసరం లేదు. నత్రజని చూసుకుని కోళ్ల ఎరువు వేసిన ప్రతిసారీ భాస్వరం నేలలో మిగిలిపోతుంది. చాలామంది ఇంకా ఎక్కువే వేస్తారు, నేనూ వేశాను. అందుకే మూడింతల కోళ్ల ఎరువు, అంటే 81 గ్రాములు వేసిన వరుస కూడా పెట్టాను.

మొత్తం ఆరు వరుసలు: ఎరువు లేనిది, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, కోళ్ల ఎరువు, మూడింతల కోళ్ల ఎరువు, పచ్చిరొట్ట 160 గ్రాములు. వరుసకు నాలుగు కుండీలు. ఆవకు మూడు. కుండీకి మూడు గింజలు నాటాను, తర్వాత ఒక్క మొక్కనే ఉంచుతాను. ఎండ, నీడ తేడా రాకుండా కుండీల స్థానాలను చీట్లు తీసి నిర్ణయించాను.

6వ రోజు

పచ్చిరొట్ట వేసినవి తప్ప అన్నీ మొలిచాయి.

12వ రోజు: పచ్చిరొట్ట కుండీలు

నాలుగు కుండీల్లో 12 గింజలకు నాలుగే బయటికి వచ్చాయి. వాటిలో మూడు నేల మట్టం దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి పడిపోయాయి. మొలవని గింజలను తవ్వి చూశాను. ఉబ్బి, మెత్తబడి, చుట్టూ దూదిలాంటి తెల్లని పోగులతో ఉన్నాయి. పగిలిన గింజ లోపల పిండి పుల్లని వాసన వేసింది.

ఇది నా తొందరపాటు ఫలితం. పచ్చి ఆకును ముక్కలు చేసి కలిపి అదే రోజు విత్తాను. పచ్చిరొట్ట నేలలో కలిపాక రెండు మూడు వారాలు ఆగి విత్తుకోవాలని ఎన్నోసార్లు విన్నాను. ఎందుకు ఆగాలో చేతికి మట్టి అంటాకే అర్థమైంది. పచ్చి ఆకులోని చక్కెరలు, పిండి పదార్థాలు మట్టిలో పడగానే వాటి మీద ముందుగా వాలేవి పితియం వంటి దూకుడు జీవులు. శాస్త్రం ప్రకారం పితియం అసలైన శిలీంధ్రం కాదు, నీటి బూజుల వర్గానికి చెందింది. నారుకుళ్లు తెచ్చేది మాత్రం అదే. తేలికగా దొరికిన తిండి తిని అది ఒక్కసారిగా పెరిగిపోతుంది, సరిగ్గా అప్పుడే దాని పక్కన లేత గింజ మొలుస్తుంది. ఆకు కుళ్లి, మిగతా సూక్ష్మజీవులు పుంజుకున్నాక ఈ ఉధృతి తగ్గుతుంది.

సేంద్రియ పదార్థం వేస్తే మట్టి నుంచి వచ్చే తెగుళ్లు తప్పకుండా తగ్గుతాయనుకోవడం పొరపాటు. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో ఒకచోట చేర్చి చూస్తే, దాదాపు సగం సందర్భాల్లో తెగులు తగ్గింది, మూడో వంతుకు పైగా ఏ తేడా లేదు, ఐదో వంతులో పెరిగింది. ఆ ఐదో వంతు ఎలా ఉంటుందో ఇవాళ నా కుండీల్లో కనిపించింది. ఈ నాలుగు కుండీలనూ తీసేయడం లేదు. నీరు పోస్తూ ఉంచి, 22వ రోజున అదే మట్టిలో మళ్లీ విత్తుతాను.

19వ రోజు

ఎరువు లేని కుండీల్లో కింది ఆకుల అంచులు ఊదారంగుకు తిరిగాయి. భాస్వరం కొరతకు మొక్కజొన్న చూపే గుర్తు ఇది. మూడింతల కోళ్ల ఎరువు కుండీల్లో మొక్కలు మోకాలెత్తు దాటాయి, ఆకులు నల్లటి ఆకుపచ్చ. ఈ దశలో ఎవరు చూసినా ఏ వరుస గెలిచిందో ఒక్క మాటలో చెప్పేస్తారు.

ఊదారంగు ఆకులను చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంది. ఏదో ఒకటి వేసి కాపాడాలని చెయ్యి లాగుతుంది. కానీ ఆ కొరతలోనే వేరు కబురు పంపుతుంది. భాస్వరం చాలనప్పుడు వేళ్లు స్ట్రిగోలాక్టోన్లు అనే పదార్థాలను మట్టిలోకి వదులుతాయి. అవి సోకిన మైకోరైజా పోగు గుబురుగా కొమ్మలు వేస్తూ వేరు వైపు సాగుతుంది. ఆ కొమ్మలు వేయించే పదార్థం ఇదేనని జపాన్ శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. మొక్కజొన్న, జొన్న వేళ్లను పట్టి పీల్చే స్ట్రైగా కలుపు విత్తనం మేలుకొనేది కూడా ఈ పిలుపుతోనే. మిత్రుడి కోసం వేసిన కేక శత్రువుకూ వినిపిస్తుందన్నమాట.

24వ రోజు: రంగు పట్టలేదు

మొక్కలను పీకకుండా వేరు నమూనా తీయడానికి రెండు సెంటీమీటర్ల వెడల్పున్న ఉక్కు గొట్టాన్ని కుండీ అంచు దగ్గర దింపి, మట్టితో సహా కొంత వేరు బయటికి తీశాను. గొట్టం చేసిన గుంతను అదే రకం మట్టితో పూడ్చాను.

వేరుకు రంగు వేయడానికి ఎంచుకున్నది సిరా, వెనిగర్ పద్ధతి. 1998లో వెలువడిన ఈ పద్ధతి రాకముందు వాడిన రంగుల్లో కొన్ని ఆరోగ్యానికి హానికరం. ముందు వేరుముక్కలను పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ క్షార ద్రావణంలో వేడి చేయాలి. వేరు కణాల్లోని పదార్థమంతా కరిగి, ముక్క గాజులా మారుతుంది. ఆ తర్వాత అయిదు శాతం సిరా కలిపిన వెనిగర్‌లో మూడు నిమిషాలు మరిగించాలి. శిలీంధ్రపు గోడలోని కైటిన్ రంగు పట్టుకుంటుంది, వేరు పట్టుకోదు. క్షారం చర్మాన్ని, కంటిని కాలుస్తుంది కనుక తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు.

అన్నీ చేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఏమీ లేదు. ఏ వరుసలోనూ లేదు. గంటన్నర పాటు ముక్క తర్వాత ముక్క మారుస్తూ చూశాను. నా నేలలో మైకోరైజాయే లేదేమోనన్న దిగులుతో లేచాను.

26వ రోజు: కనిపించింది

ప్రయోగశాలలో పనిచేసే స్నేహితురాలికి ఫోను చేసి జరిగింది వరుసగా చెప్పాను. ఆమె ఒకటే అడిగింది: "క్షారంలోంచి తీశాక ఎన్నిసార్లు కడిగావు?" ఒక్కసారి, అదీ పైపైన. "ముక్క లోపల క్షారం ఉండిపోతే వెనిగర్ పులుపు చచ్చిపోతుంది, రంగు పట్టదు. నాలుగైదుసార్లు కడుగు. ఆఖరిసారి కడిగే నీటిలో కాస్త వెనిగర్ వెయ్యి" అంది.

మిగిల్చిన వేళ్లతో మళ్లీ చేశాను. ఈసారి పశువుల ఎరువు కుండీలోని ముక్క మొదట పెట్టాను. నూరు రెట్ల పెద్దదిగా చూపే కటకం కింద వేరు లేత పసుపు గాజుగొట్టంలా ఉంది. దాని లోపల, కణాల వరుసల సందుల్లో, నీలిరంగు పోగులు పొడవునా పాకుతున్నాయి. పోగుల మధ్య అడ్డుగోడలు లేవు. మైకోరైజా పోగుకు అదొక గుర్తు. అడ్డుగోడలతో ముదురు గోధుమరంగులో కనిపించేవి వేరే శిలీంధ్రాలు. అక్కడక్కడ పోగు చివర ఉబ్బి నూనె నిండిన సంచిలా ఉంది. అది వెసికిల్, శిలీంధ్రం దాచుకున్న గాదె.

కటకం మార్చి నాలుగు వందల రెట్లకు వెళ్లాను. ఒక కణం లోపల ఆ పోగు చీలి, చీలి, మళ్లీ చీలి ఒక చిన్న చెట్టులా నిండిపోయి ఉంది. ఆర్బస్క్యూల్ అంటే ఇదే. లాటిన్‌లో ఆ మాటకు చిన్న చెట్టు అని అర్థం. కొమ్మలు ఎంత సన్నమంటే చివర్లు విడివిడిగా కనిపించవు, నీలి పొగలా ఉంటాయి. శిలీంధ్రం తెచ్చిన భాస్వరం మొక్కకు అందేది ఇక్కడే, మొక్క చేసిన చక్కెరలు, కొవ్వులు శిలీంధ్రానికి చేరేదీ వేరులోనే. ఒక్కో ఆర్బస్క్యూల్ బతికేది కొద్ది రోజులే, తర్వాత ముడుచుకుపోతుంది, పక్క కణంలో కొత్తది పుడుతుంది. 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనూ ఇలాంటి చెట్లే ఉన్నాయని చదివాను. చదవడం వేరు. నా కుండీలోని వేరులో దాన్ని చూసినప్పుడు కాసేపు రాయడం ఆపేసి, చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆవ వేరు పెట్టాను. లోపల ఖాళీ. వేరు పైన అటూ ఇటూ కొన్ని పోగులు, లోపలికి ఒక్కటీ వెళ్లలేదు. ఇక నా రంగును నమ్మవచ్చు.

35వ రోజు

ఎరువు లేని కుండీల్లో కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి. కింది ఆకుల ఊదారంగు పోలేదు, పైకి మాత్రం పాకలేదు. శిలీంధ్రం సాయం అందడం మొదలైందని నా అనుమానం. వేరు చుట్టూ మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరం తొందరగా ఖర్చయిపోతుంది, దూరంగా ఉన్నది తనంతట తాను కదిలి రాదు. వేరుకు అందని ఆ దూరాన్ని శిలీంధ్రపు పోగులు దాటి, సెంటీమీటర్ల కొద్దీ అవతలికి వెళ్లి తెస్తాయి. దానికి ప్రతిగా మొక్క తాను తయారుచేసుకున్న కర్బనంలో 4 నుంచి 20 శాతం దాకా ఇస్తుందని లెక్కలున్నాయి. అది చిన్న ఖర్చు కాదు.

పచ్చిరొట్ట కుండీల్లో రెండోసారి విత్తిన 12 గింజల్లో 11 మొలిచి నిలబడ్డాయి. మట్టి అదే, ఆకు అదే, మధ్యలో మూడు వారాలు గడిచాయి, అంతే.

49వ రోజు: వేళ్లు కడిగిన రోజు

కుండీలను ఒక్కొక్కటే నీటి తొట్టిలో ముంచి, మట్టి దానంతట అది వదిలేదాకా ఆగి, వేళ్లను సన్నని జల్లెడ మీద పరిచాను. తెల్లవారుజామున మొదలుపెడితే చీకటి పడింది. లాగితే సన్న వేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. లెక్కలో తేడా వచ్చేది ఆ సన్న వేళ్ల దగ్గరే. అందుకే తొందరపడలేదు.

మూడింతల కోళ్ల ఎరువు మొక్కలు పైభాగం బరువులో అన్నింటికంటే ముందున్నాయి, అందులో సందేహం లేదు. వాటి వేళ్లు లావుగా, తెల్లగా, తక్కువ కొమ్మలతో ఉన్నాయి. పైన ఉన్న ఆకు బరువుకు కింద ఉన్న వేరు చాలా చిన్నది. రెండు కుండీల్లో కుండీ అడుగున వేరు కొసలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. ఉప్పు వల్లనో, అడుగున నీరు నిలవడం వల్లనో చెప్పలేను కాబట్టి తెగులు అని రాయడం లేదు.

పశువుల ఎరువు కుండీల్లో మట్టి వేళ్లను వదలడానికే ఇష్టపడలేదు. వేరు చుట్టూ బెల్లపు రవ్వల్లా చిన్న చిన్న మట్టి పలుకులు అంటుకుని ఉన్నాయి. ఒక పలుకును మంచినీళ్ల గిన్నెలో వేస్తే అరగంట తర్వాత కూడా ఆకారం చెడలేదు. ఎరువు లేని కుండీలోని పలుకు కొంత చెదిరింది. మూడింతల కోళ్ల ఎరువు కుండీలోనిది ఐదు నిమిషాల్లో బురదైంది. మట్టి రేణువులను పట్టి ఉంచడంలో శిలీంధ్రపు పోగుల అల్లికకు పాత్ర ఉంది. అమెరికా శాస్త్రవేత్త సారా రైట్ 1996లో గ్లోమాలిన్ అనే జిగురు పదార్థాన్ని మైకోరైజాతో ముడిపెట్టి వివరించారు. అయితే మట్టి నుంచి దాన్ని వేరుచేసే పద్ధతిలో ఇతర సేంద్రియ పదార్థాలు కూడా కలిసి వస్తాయని తర్వాత తేలింది. కాబట్టి పలుకు నిలబడినంత మాత్రాన ఘనతంతా శిలీంధ్రానిదే అనను. 160 గ్రాముల పశువుల ఎరువులోని జిగురు కూడా అందులో పనిచేసి ఉంటుంది.

52 నుంచి 58వ రోజు: లెక్క

ప్రతి కుండీ నుంచి సన్న వేళ్లను ఒక సెంటీమీటరు ముక్కలుగా కోసి, రంగు వేసి, గళ్లు గీసిన గాజు పళ్లెంలో పరిచాను. వేరుముక్క గీతను దాటే ప్రతి చోటా లోపల శిలీంధ్రం ఉందా లేదా అని చూడాలి. జొవన్నెట్టి, మాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1980లో వివరించిన పద్ధతి ఇది. కుండీకి నూరు చోట్లు. ఏ కుండీదో తెలియకుండా పళ్లేలకు మరొకరి చేత అంకెలు వేయించాను. నాకు నచ్చిన వరుసకు తెలియకుండానే మార్కులు ఎక్కువ వేసే ప్రమాదం ఉంది మరి.

నాలుగు కుండీల సగటు చూస్తే నూటికి, పశువుల ఎరువు 63, ఎరువు లేనిది 58, వర్మీకంపోస్టు 55, కోళ్ల ఎరువు 41, మూడింతల కోళ్ల ఎరువు 17. ఆవలో సున్నా. పచ్చిరొట్ట మొక్కల వయసు మూడు వారాలు తక్కువ కనుక ఈ పోలికలో చేర్చలేదు.

63, 58, 55 మధ్య తేడా నిజమని నేను వాదించను. వర్మీకంపోస్టు వరుసలోనే ఒక కుండీ 31, మరొకటి 70. నాలుగు కుండీలతో అంత సన్నని తేడా తేల్చలేం. కానీ 17 అలాంటిది కాదు. ఆ వరుసలోని అన్నింటికంటే మెరుగైన కుండీ కూడా మిగతా వరుసల్లోని ఏ కుండీనీ అందుకోలేదు. ఉన్న కొద్ది పోగుల్లో ఆర్బస్క్యూళ్లు వెతికి పట్టుకోవాల్సి వచ్చింది.

భాస్వరం వేరు ముంగిట్లో పోసి ఉంటే మొక్క ఎవరినీ పిలవదు, కర్బనం ఖర్చు పెట్టదు. ఆ భాస్వరం సంచిలోంచి వచ్చిందా, కోళ్ల గూటిలోంచి వచ్చిందా అన్నది వేరుకు తెలియదు. ఇన్నాళ్లూ నేను ఎరువులను రసాయనం, సేంద్రియం అని రెండు గుంపులుగా చూశాను. వేరు వైపు నుంచి చూస్తే ఆ గీత అక్కడ లేదు. ఎంత భాస్వరం, ఎంత త్వరగా విడుదలవుతుంది, ఎంత మాగింది అన్న చోట ఉంది.

స్విట్జర్లాండ్‌లో 1978 నుంచి సేంద్రియ, సాధారణ సాగులను పక్కపక్కన పోల్చే దీర్ఘకాల ప్రయోగం ఒకటి నడుస్తోంది. 2002లో ప్రచురించిన దాని ఫలితాల్లో సేంద్రియ మడుల్లో మైకోరైజా చేరిన వేరు పొడవు 40 శాతం ఎక్కువ. దిగుబడి మాత్రం 20 శాతం తక్కువ. మొదటి అంకెను చెప్పేవాళ్లు రెండో అంకెను, రెండోది చెప్పేవాళ్లు మొదటిదాన్ని వదిలేస్తుంటారు. ఆ సేంద్రియ మడులకు ఎరువు పోషకాలు కూడా తక్కువగానే అందాయి. నా 17 పక్కన పెట్టి చూస్తే, మేలు చేసినది సేంద్రియం అన్న పేరా, ఆ పొదుపా అన్న ప్రశ్న నాకు బలంగా కలుగుతోంది.

61వ రోజు: పళ్లేల్లో పెరిగినవి

స్నేహితురాలి సాయంతో ప్రతి వరుస మట్టినీ పది గ్రాముల చొప్పున నీటిలో కలిపి, పలుచన చేస్తూ పోయి, బంగాళాదుంప, డెక్స్‌ట్రోజ్ అగర్ (శిలీంధ్రాలను పెంచే జెల్లీ లాంటి తిండి) పళ్లేల మీద పోశాం. బాక్టీరియా ముసురుకోకుండా అగర్‌లో కొద్దిగా లాక్టిక్ ఆమ్లం కలిపింది. ఐదో రోజుకు వర్మీకంపోస్టు పళ్లెంలో ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం స్పష్టంగా కనిపించింది: ముందు తెల్లని పలుచని పొర, తర్వాత అందులోంచి వలయాలుగా ముదురు ఆకుపచ్చ. ఇది మరో శిలీంధ్రపు పోగు చుట్టూ తీగలా చుట్టుకుని దాన్ని తినగలదు. వేరుకుళ్లు తెచ్చే రైజోక్టోనియా వంటి వాటికి ఇది పగవాడు. పశువుల ఎరువు పళ్లెంలోనూ ఉంది, తక్కువగా. పచ్చిరొట్ట మట్టిలో, రెండో విత్తనం తర్వాత తీసిన నమూనాలో, నేను ఊహించినదానికంటే ఎక్కువ ఉంది.

ఈ పళ్లేలను అతిగా నమ్మకూడదని ఆమె గట్టిగా చెప్పింది. విత్తులు విరివిగా చల్లే బూజులు పళ్లెంలో ఎక్కువగా కనిపిస్తాయి, మట్టిలో అవే ఎక్కువని కాదు. మైకోరైజా అయితే బతికున్న వేరు లేకుండా పెరగదు కనుక ఏ పళ్లెంలోనూ కనిపించనే కనిపించదు. పళ్లెంలో ఉన్న శిలీంధ్రాల సంఖ్య మాత్రమే చూసి ఉంటే, మూడింతల కోళ్ల ఎరువు వరుసకు నేను మంచి మార్కులే వేసేవాణ్ణి. అందులో బూజులకు కొదవ లేదు.

64వ రోజు: రెండో విడత

మొదటి విడత నాకు చెప్పనిది ఒకటుంది. 17కు కారణం భాస్వరమేనా, లేక అంత ఎరువులోని ఉప్పు, అమ్మోనియా, నత్రజని కూడానా? దీన్ని విడదీయడానికి అదే బీడు మట్టి మళ్లీ తెచ్చాను. ఒక వరుసకు ఎరువు లేదు. ఒక వరుసకు 81 గ్రాముల కోళ్ల ఎరువులో ఉన్నంత భాస్వరం సూపర్ ఫాస్ఫేటు రూపంలో మాత్రమే. ఒక వరుసకు దానిలో ఉన్నంత నత్రజని యూరియా రూపంలో, మూడు దఫాలుగా. ఒక వరుసకు కోళ్ల ఎరువే. ఈసారి వరుసకు ఎనిమిది కుండీలు.

ఇంకో వరుస కూడా కలిపాను. మొదటి విడతలో ఆవ పెరిగిన మట్టిలోనే మొక్కజొన్న. ఆవ ఈ శిలీంధ్రాన్ని పోషించదు కనుక దాని వెంట వచ్చే పంటకు మైకోరైజా ఆలస్యంగా అందుతుందంటారు. ఆ కుండీలు మూడే, దాన్ని ఒక సూచనగానే తీసుకుంటాను.

గింజలు నిన్న సాయంత్రం నాటాను. మొదటి నమూనా 24వ రోజున కాకుండా 18వ రోజునే తీస్తాను, ఎందుకంటే శిలీంధ్రం ఎప్పుడు చేరిందన్నది కూడా ఈసారి చూడాలి. క్షారం కడగడానికి ఐదు గిన్నెలు వరుసగా పెట్టి, అంకెలు వేసి ఉంచాను.